అతనికి ఎలా తెలుస్తోంది? ఫోన్‌లో ఏదైనా తీసేసే ముందు ఇది చదవండి

ముందుగా ఒక మాట. మీ ఫోన్‌ని మీ భర్తో, కలిసి ఉంటున్న మనిషో, విడిపోయిన మనిషో చూస్తున్నాడని అనుమానం ఉంటే ఇక్కడితో ఆపి, అతని చెయ్యి ఎప్పుడూ పడని ఫోన్‌లో చదవండి. స్నేహితురాలిదైనా సరే, ఆఫీసుదైనా సరే. ఇప్పటికే తెరిచేసి ఉంటే హిస్టరీలో ఇది ఒక్కటే తీసేయండి. హిస్టరీ మొత్తం ఖాళీగా కనబడితే "ఏం దాచావ్?" అనే ఇంకో ప్రశ్న మొదలవుతుంది. ఇన్‌కాగ్నిటోలో చదివితే హిస్టరీలో పడదు గానీ, ఫోన్‌లో నిఘా యాప్ ఉంటే దానికి ఇన్‌కాగ్నిటో అడ్డు కాదు.

నేను 14 ఏళ్లుగా ఫోన్లు రిపేరు చేస్తున్నాను. పగిలిన డిస్‌ప్లేలు, ఉబ్బిన బ్యాటరీలు, నీళ్లలో పడ్డవి. కౌంటర్ వెనక ఉన్నది ఆడమనిషే అని చూసి కొందరు కాసేపు అటూ ఇటూ తచ్చాడి, పక్కన ఎవరూ లేనప్పుడు అడుగుతారు: "మేడమ్, నేను ఎక్కడికెళ్లినా ఆయనకి తెలిసిపోతోంది. ఫోన్‌లో ఏమైనా ఉందేమో చూస్తారా?"

ఆ ప్రశ్న మొదటిసారి విన్నప్పుడు నేను పెద్ద తప్పు చేశాను. ఆమె బ్యాటరీ తొందరగా అయిపోతోందని వచ్చింది. చూస్తే సిస్టమ్ సర్వీస్ లాంటి పేరు పెట్టుకుని ఒక యాప్. లొకేషన్, మైక్, మెసేజ్‌లు, కాల్స్, అన్నిటికీ అనుమతులు తీసుకుని కూర్చుంది. పది నిమిషాల్లో పీకేసి, "అయిపోయిందమ్మా, ఇక భయం లేదు" అని గొప్పగా చెప్పి పంపాను. మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చింది, ఈసారి వాళ్ల అక్క ఫోన్ పట్టుకుని. నేను యాప్ తీసిన నిమిషం నుంచి అతని ఫోన్‌కి రావాల్సినవి రావడం మానేశాయి. సాయంత్రం ఆమె ఇంట్లో అడుగు పెట్టగానే "ఫోన్ ఎవరికి చూపించావ్?" అని అడిగాడట. ఆ రాత్రి సంగతి ఆమె పెద్దగా చెప్పలేదు. ఫోన్ గోడకేసి కొట్టాడని మాత్రం చెప్పింది.

అప్పటినుంచి నా వరస మారింది. ముందు అతనికి ఏ దారిలో తెలుస్తోందో కనిపెట్టాలి. కనబడినదాన్ని భద్రం చేయాలి. ఆ తర్వాత మీరు ఎక్కడ, ఎవరితో క్షేమంగా ఉంటారో తేల్చుకోవాలి. తీసేయడం చిట్టచివర. నిఘా తెగిందంటే అతని పట్టు జారినట్టే, ప్రమాదం పెరిగేది కూడా అప్పుడే. కొట్టడం, చంపుతానని బెదిరించడం ఇప్పటికే ఉంటే ఈ సెట్టింగ్స్ గొడవ పక్కన పెట్టి ముందు గృహహింస బాధితులకు సాయం చేసే హెల్ప్‌లైన్‌కో, పోలీసులకో, నమ్మకమైన లాయర్‌కో ఫోన్ చేయండి. ఆ కాల్ కూడా వేరే ఫోన్ నుంచే.

కాగితం, పెన్ను తీసుకోండి

ఫోన్‌లో నోట్స్ యాప్ వద్దు. అది అకౌంట్‌తో సింక్ అవుతుంది, అతను అకౌంట్‌లో ఉంటే మీరు రాసింది అతనే ముందు చదువుతాడు. కాగితం మీద మూడు విషయాలు రాయండి: ఏ రోజు ఎన్ని గంటలకి, అతను సరిగ్గా ఏమన్నాడు, ఆ సంగతి అసలు ఎక్కడెక్కడ ఉంది. ఈ మూడోదే కీలకం.

"నిన్న అక్కడ గంటసేపు ఏం చేశావ్" అన్నాడంటే తెలిసింది మీరున్న చోటు. అది ఫోన్ నుంచి వెళ్లొచ్చు, బ్యాగులో పడేసిన ట్యాగ్ (లొకేషన్ పంపే చిన్న బిళ్ల) నుంచి వెళ్లొచ్చు, కారు కంపెనీ యాప్ నుంచి కూడా వెళ్లొచ్చు. ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లిన రోజు కూడా తెలిసిందా? అయితే ఫోన్‌ని విప్పి చూసి లాభం లేదు. మీ అక్కకి రాసిన మాట అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడంటే మెసేజ్‌లు చదువుతున్నాడు. ఎవరికి ఎన్నిసార్లు కాల్ చేశారో తెలిసి, ఏం మాట్లాడారో తెలియకపోతే బహుశా సిమ్ అతని పేరు మీద ఉంది, బిల్లు చూస్తున్నాడు. కొన్నది ఏమిటో తెలిస్తే బ్యాంకు మెసేజ్ ఏ నంబరుకి వెళుతోందో చూడాలి.

ఒకామె ఫోన్‌ని రెండు గంటలు జల్లెడ పట్టాను. ఏమీ లేదు. చివరికి చూస్తే లొకేషన్ వెళుతున్నది పిల్లాడి ట్యాబ్లెట్ నుంచి. పిల్లాడు ఎక్కడుంటే అమ్మ అక్కడ, అంతే లెక్క. ఇంకొకామె విషయంలో అసలు టెక్నాలజీయే లేదు, ఆమె నమ్మిన బంధువే అన్నీ మోస్తోంది. అందుకే కాగితం ముందు, ఫోన్ తర్వాత.

గూఢచారి యాప్ కన్నా ముందు మామూలు తలుపులు

నా కౌంటర్ మీదికి వచ్చినవాటిలో ఎక్కువ వాటికి నిఘా యాప్‌తో పనే లేదు. పాస్‌వర్డ్ తెలుసు, లేదా నిద్రపోతున్నప్పుడు వేలు పెట్టి తెరిచాడు. పెళ్లైన కొత్తలో "మన మధ్య దాపరికాలేంటి" అని ఇచ్చిపుచ్చుకున్న పాస్‌వర్డ్ ఐదేళ్ల తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుంది. "దాచేది ఏమీ లేనప్పుడు భయమెందుకు" అనే మాట చాలాసార్లు విన్నాను. ఆ మాట అనేవాళ్లలో ఒక్కరు కూడా తమ ఫోన్ లాక్ తీసి కౌంటర్ మీద పెట్టిపోలేదు.

వాట్సాప్ తెరిచి లింక్‌డ్ డివైసెస్ చూడండి. మీకు తెలియని కంప్యూటర్, బ్రౌజర్ పేరు ఉంటే అక్కడ మీ చాట్‌లు తెరిచి ఉన్నట్టే. ఒక్కసారి స్కాన్ చేస్తే చాలు. అటు అతనూ, ఇటు మీరూ వాడుతున్నంత కాలం అది దానంతట అది తెగదు, 14 రోజులు మీ ఫోన్ ముట్టకపోతే పోతుంది. చివరగా ఎప్పుడు వాడారో కూడా అక్కడే ఉంటుంది. వేరే ఫోన్‌తో దాన్ని ఫొటో తీసుకోండి. లాగౌట్ ఇప్పుడే నొక్కొద్దు.

తర్వాత గూగుల్ అకౌంట్. సెక్యూరిటీ విభాగంలో మీ డివైసెస్ అని ఉంటుంది. ఏ ఫోన్లలో, ఏ కంప్యూటర్లలో మీ అకౌంట్ తెరిచి ఉందో, ఎప్పుడు వాడారో కనిపిస్తుంది. పాత ఫోన్ అతనికిచ్చి, అందులో అకౌంట్ తీయడం మర్చిపోయినవాళ్లు చాలామంది. ఒక్క గూగుల్ అకౌంట్ తెరిచి ఉంటే మెయిల్ ఒక్కటే కాదు, క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులన్నీ, ఫొటోలు, మ్యాప్స్‌లో మీరు వెతికిన చోట్లు, అన్నీ అతని చేతికి పోతాయి. రికవరీ నంబర్, రికవరీ మెయిల్ ఎవరివో తప్పకుండా చూడండి. అవి అతనివైతే మీరు ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా "ఫర్గాట్ పాస్‌వర్డ్" కొట్టి మళ్లీ వచ్చేస్తాడు.

జనం చూడని మూలలు ఇంకొన్ని ఉన్నాయి. జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్స్ చూడండి. వచ్చిన ప్రతి మెయిల్ కాపీ ఇంకో అడ్రసుకి వెళ్లేలా పెట్టి ఉండొచ్చు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఏర్పాటు అలాగే ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో పార్ట్‌నర్ షేరింగ్ ఆన్ అయి ఉంటే మీరు తీసిన ప్రతి ఫొటో అటు చేరవచ్చు, స్క్రీన్‌షాట్లు కూడా. మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి లొకేషన్ షేరింగ్ చూడండి. ఫోన్ లాక్ సెట్టింగ్స్‌లో ఎన్ని వేలిముద్రలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఐఫోన్‌లో ఫేస్ ఐడీకి రెండో ముఖం పెట్టుకునే వీలుంది, అక్కడ ఎవరి ముఖం ఉందో మీకు తెలియాలి.

కాల్ ఫార్వర్డింగ్ చూడాలంటే చాలా నెట్‌వర్క్‌లలో *#21# డయల్ చేస్తే చాలు. ఇది నొక్కితే ఫోన్ హ్యాక్ అయిందో లేదో తెలిసిపోతుందని వీడియోలు తిరుగుతుంటాయి. అలాంటిదేమీ తెలియదు. మీ కాల్స్ అన్నీ వేరే నంబరుకి మళ్లుతున్నాయా లేదా అన్నంతవరకే.

నిజంగా నిఘా యాప్ ఉంటే

దీన్ని స్టాకర్‌వేర్ అంటారు. ఆండ్రాయిడ్‌లో వేయాలంటే మామూలుగా ఫోన్ చేతిలో ఉండాలి, లాక్ తెలిసి ఉండాలి, కొన్ని నిమిషాలు దొరకాలి. భార్యాభర్తల మధ్య ఈ మూడూ కష్టం కాదు. అందుకే "లింక్ నొక్కాను, దాంతో వేశాడేమో" అని వచ్చినవాళ్లని నేను మొదట అడిగేది, ఫోన్ ఎప్పుడైనా కాసేపు కనబడకుండా పోయిందా అని.

గుర్తులు ఇవి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ నొక్కితే ప్లే ప్రొటెక్ట్ కనబడుతుంది. మీరు ఆపకుండానే అది ఆఫ్‌లో ఉంటే అనుమానించాలి. అది ఆన్‌లో ఉంటే ఈ యాప్‌లను పట్టుకునే అవకాశం ఉంటుంది, అందుకని వేసేవాళ్లు ముందు దాన్నే ఆపేస్తారు. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్, యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్, ఈ మూడు చోట్ల మీకు తెలియని పేరు ఉందా చూడండి. ఫోన్‌ని బట్టి ఈ పేర్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి, సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో టైప్ చేస్తే దొరుకుతాయి. క్రోమ్‌కో, ఫైల్ మేనేజర్‌కో తెలియని యాప్‌లు వేసే అనుమతి ఇచ్చి ఉందంటే ప్లే స్టోర్ బయటనుంచి ఏదో దిగి ఉండొచ్చు. బ్యాటరీ తొందరగా అయిపోవడం, ఫోన్ వేడెక్కడం మాత్రం గుర్తులుగా నమ్మకండి. పాత ఫోన్‌కి అవి ఎలాగూ ఉంటాయి.

దొరికింది అనుకోండి. వేరే ఫోన్‌తో ఫొటో తీయండి, యాప్ పేరు, దాని అనుమతులు, తేదీ పడేలా. తర్వాత ఫోన్ పక్కన పెట్టి ఎప్పటిలాగే ఉండండి.

ఐఫోన్‌లో ఇలాంటి యాప్ వేయడం చాలా కష్టం. అక్కడ సాధారణంగా జరిగేది ఐక్లౌడ్ పాస్‌వర్డ్‌తో లోపలికి రావడమే. 2022లో ఐఓఎస్ 16తో ఆపిల్ సేఫ్టీ చెక్ అని పెట్టింది, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ అడుగున ఉంటుంది. ఎవరితో ఏం షేర్ అవుతోందో ఒక్కొక్కటిగా చూపిస్తుంది, అత్యవసరమైతే అన్నీ ఒకేసారి తెంపేస్తుంది. అవతలివాళ్లకి నోటిఫికేషన్ పోదు. కానీ లొకేషన్ కనబడటం మానేస్తే అతను గమనించడా?

ఇంతకీ ఈ యాప్‌లు వేయమని మా దగ్గరికి వచ్చే మగవాళ్లు కూడా తక్కువేమీ కాదు. "మా ఆవిడ ఫోన్‌లో చిన్న యాప్ వేయాలి, ఆమె సేఫ్టీ కోసమే" అంటారు. ఆడవాళ్లూ వస్తారు, భర్త ఫోన్ పట్టుకుని. ఎవరైనా నాది ఒకటే జవాబు, వేయను. బతిమాలితే ఒక సంగతి చెబుతాను. 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ స్పైఫోన్ అనే యాప్ కంపెనీని నిఘా వ్యాపారమే చేయకూడదని నిషేధించింది. దొంగచాటుగా తీసిన డేటాని ఆ కంపెనీ కనీసం భద్రంగా కూడా ఉంచలేదని కమిషన్ ఆరోపణ. మీ ఆవిడ ఫొటోలు ఎవరి సర్వర్‌లో పడి ఉంటాయో మీకు తెలుసా అని అడిగితే కొందరు వెనక్కి తగ్గుతారు. కొందరు ఇంకో రిపేరు మనిషిని వెతుక్కుంటారు.

ట్యాగ్‌లు

2021లో ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ వచ్చాక ఈ బెడద పెరిగింది. తాళాలు పోకుండా చూసుకునే బిళ్ల, బ్యాగు లైనింగ్‌లో కుట్టేస్తే మనిషిని చూసుకునే బిళ్ల. ఐఫోన్ అయితే మీతోపాటు తెలియని ట్యాగ్ కదులుతోందని హెచ్చరిస్తుంది. 2023 నుంచి ఆండ్రాయిడ్‌లో కూడా అన్‌నోన్ ట్రాకర్ అలర్ట్స్ ఉన్నాయి, సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీలోకి వెళ్లి అక్కడినుంచే స్కాన్ కూడా చేయొచ్చు. హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా చేత్తో వెతకండి: బ్యాగు అడుగు, కోటు జేబుల లైనింగ్, కారు సీట్ల కింద, డాష్‌బోర్డ్ కింద ఉండే ప్లగ్, పిల్లల బొమ్మలు.

ఎయిర్‌ట్యాగ్ దొరికితే దాని తెల్లవైపుని ఫోన్ వెనక ఆనించండి. సీరియల్ నంబర్‌తో ఒక పేజీ తెరుచుకుంటుంది, దాన్ని రిజిస్టర్ చేసినవాళ్ల ఫోన్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు కూడా కనబడవచ్చు. ఆ పేజీని ఫొటో తీయండి. బ్యాటరీ తీస్తే ట్యాగ్ చస్తుంది, చచ్చిందని అతనికీ తెలుస్తుంది. కాబట్టి ఎప్పుడు తీయాలన్నది మీ క్షేమం చూసుకుని మీరు నిర్ణయించుకోవాల్సింది.

మార్చే రోజు

ఇది ఇంట్లో, అతను పక్క గదిలో ఉండగా చేసే పని కాదు. అతను ముట్టని ఫోన్ గానీ కంప్యూటర్ గానీ కావాలి, ఇంటి వైఫై కాకుండా వేరే నెట్ కావాలి. వైఫై రూటర్ అడ్మిన్ అతనైతే ఏ సైట్లకి వెళ్లారో అతనికి తెలిసే వీలుంది.

మొదట కొత్త మెయిల్ తెరవండి. మీ పేరు, పుట్టిన ఏడు, పిల్లల పేర్లు అందులో ఉండకూడదు. రికవరీకి అతనికి తెలియని నంబర్ ఇవ్వండి. ఆ తర్వాత పాత మెయిల్‌లోకి వెళ్లి ముందు రికవరీ వివరాలు, ఆపైన పాస్‌వర్డ్, ఆపైన మిగతా డివైస్‌లన్నీ సైనౌట్. ఈ వరస తప్పొద్దు. పాస్‌వర్డ్ మార్చినా కొన్ని డివైస్‌లు, యాప్‌లు తెరిచే ఉండొచ్చు, జాబితా మళ్లీ చూడండి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడిగే ఏర్పాటు) పెట్టండి, కానీ సిమ్ అతని పేరు మీద ఉంటే ఎస్సెమ్మెస్ ఓటీపీ వద్దు, ఆ కోడ్‌ని ఫోన్‌లోనే చూపించే అథెంటికేటర్ యాప్ వాడండి. మెయిల్ తర్వాత బ్యాంకు, ఆ తర్వాత వాట్సాప్, అక్కడ ఆరంకెల పిన్ కూడా. మిగతావన్నీ నింపాదిగా. ఇంట్లో కెమెరా, స్మార్ట్ స్పీకర్, స్మార్ట్ తాళం ఉండి మీరు ఆ ఇంట్లోనే ఉండబోతుంటే వాటి ఓనర్ అకౌంట్ ఎవరిదో కూడా చూడాలి.

పాత ఫోన్‌ని ఈలోగా వదిలేయొద్దు. వంటావార్పూ కబుర్లు, ఆఫీసు పనులు దాని మీదే సాగనివ్వండి. అది ఒక్కసారిగా మూగబోతే అతనికి అనుమానం వస్తుంది. ముఖ్యమైన మాటలు మాత్రం కొత్తదాని మీదే. కొత్త ఫోన్‌లోకి పాత ఫోన్ బ్యాకప్ మొత్తం దింపకండి, పాత రోగం కూడా దిగుతుంది. కాంటాక్ట్‌లు, కావాల్సిన ఫొటోలు విడిగా తెచ్చుకోండి.

ఫొటోలు బయట పెడతానంటే

అంతరంగిక ఫొటోలు బయట పెడతాననే బెదిరింపుతో వచ్చినవాళ్లు సాధారణంగా నా కళ్లలోకి చూడరు. సిగ్గుపడాల్సింది మీరు కాదని చెప్పినా వెంటనే తలెత్తరు, పర్లేదు. బెదిరించిన మెసేజ్ తీసేయకండి, ఎంత అసహ్యంగా ఉన్నా. పంపిన నంబరో ఐడీయో, తేదీ, సమయం కనబడేలా వేరే ఫోన్‌తో తీయండి. డిసప్పియరింగ్ మెసేజెస్ (వాటంతటవే మాయమయ్యే మెసేజ్‌లు) ఆన్‌లో ఉంటే ఇది ఆ రోజే చేయాలి.

18 ఏళ్లు దాటినవాళ్లకి ఇలాంటి ఫొటోలు నెట్‌లో పాకకుండా ఆపడానికి స్టాప్ ఎన్‌సీఐఐ (StopNCII) అని ఒక ఉచిత సేవ ఉంది, 2021లో మొదలైంది. మీ ఫొటోని వాళ్లకి పంపక్కర్లేదు. ఫొటో మీ దగ్గరే ఉంటుంది, దాని నుంచి తయారైన ఒక రకం వేలిముద్ర లాంటి కోడ్ మాత్రం వెళుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి అందులో చేరిన కంపెనీలు ఆ కోడ్‌తో సరిపోలే ఫొటోని తమ దగ్గర అడ్డుకుంటాయి. చేరని సైట్ల మీద అది పనిచేయదు, వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేదాన్నీ ఆపలేదు. ఇప్పటికే గూగుల్ వెతుకులాటలో వస్తుంటే తీసేయమని గూగుల్‌నే అడిగే ఫారం ఉంది, కృత్రిమంగా తయారుచేసిన నకిలీ ఫొటోలకీ అది వర్తిస్తుంది. డబ్బో, మరొకటో ఇచ్చి అతన్ని ఆపాలని చూడకండి. ఇచ్చినవాళ్లని మళ్లీ అడగడమే నేను చూశాను.

మొదట చెప్పిన ఆమె సంగతి. అక్క ఫోన్‌తో వచ్చిన రోజు ఇద్దరం కాగితం మీద రాసుకున్నాం, ఫోన్‌లో ఏమీ మార్చలేదు. ఆ తర్వాత చాలా నెలలు కనబడలేదు. ఒక రోజు కొత్త నంబర్, కొత్త ఫోన్‌తో వచ్చి, గోడకేసి కొట్టిన ఆ పాత ఫోన్‌ని కౌంటర్ మీద పెట్టింది. డిస్‌ప్లే మూల పగిలి ఉంది, పనిచేస్తోంది. "దీన్ని పూర్తిగా రీసెట్ చేసెయ్యండి మేడమ్, చూస్తేనే కడుపులో తిప్పుతోంది" అంది. ఇందులో ఉన్నవన్నీ మీ లాయర్ చూశారా అని అడిగాను. లేదంది. స్విచాఫ్ చేసి, సిమ్ తీసి విడిగా చిన్న కవర్‌లో పెట్టి, పైన తేదీ రాసి రెండూ ఆమె చేతికే తిరిగిచ్చాను.